పాత ఎస్‌ఎంపీఎస్: ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు దాని జోలికి పోకూడదు

కంప్యూటర్ సిస్టమ్ కొని ఎనిమిదేళ్లో పదేళ్లో అయింది. రోజూ ఆన్ అవుతోంది, బిల్లింగ్ నడుస్తోంది. ఈమధ్య ఒకటి రెండుసార్లు దానంతటదే రీస్టార్ట్ అయింది. లేదా గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేద్దామన్న ఆలోచన వచ్చింది. షాపులో అడిగితే "ఎస్‌ఎంపీఎస్ మార్చేయండి సార్" అంటారు. గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు కావలసిన చిన్న వోల్టేజీలుగా మార్చి ఇచ్చే డబ్బా అది. ఇంట్లో వాళ్లు "నడుస్తున్నదాన్ని కదిలించడం ఎందుకు" అంటారు. ఇద్దరూ దాన్ని విప్పి చూసి చెప్పిన మాట కాదది. ఎన్నేళ్లదన్న ఒక్క లెక్కతో ఎస్‌ఎంపీఎస్ సంగతి తేలదు. 12 వోల్టుల లైను మీద ఎంత ఇవ్వగలదో, ఇన్నేళ్లూ ఎంత వేడిలో నడిచిందో, లోడు పడ్డప్పుడు మీటరు ఎంత చూపిస్తోందో చూడాలి. ఇవన్నీ ఇంట్లోనే చూసుకోవచ్చు. కావలసింది ఒక మల్టీమీటరు, ఒక టార్చిలైటు.

ముందు లేబుల్ చదవండి. క్యాబినెట్ పక్క డోరు తీస్తే ఎస్‌ఎంపీఎస్ మీద స్టిక్కరు కనిపిస్తుంది. పెద్ద అక్షరాల్లో ఉండే 450 వాట్లు, 500 వాట్లు అన్న అంకెను పక్కన పెట్టండి. పట్టికలో 12 వోల్టుల గడిలో ఎన్ని యాంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన రకాల మీద తరచూ 14, 16 యాంపియర్లే ఉంటుంది. పదహారు పన్నెండ్లు 192 వాట్లు. మిగతాదంతా 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్ల పేరు మీద చూపించిన లెక్క. ప్రాసెసర్ 5 వోల్టుల నుంచి కరెంటు తీసుకున్న పెంటియం 3 రోజుల్లో ఆ లెక్కకు అర్థం ఉండేది. 2000లో పెంటియం 4తో పాటు బోర్డు మీదికి నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టరు వచ్చాక భారమంతా క్రమంగా 12 వోల్టుల మీదికి మారిపోయింది. ఇవాళ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు అన్నీ దాని మీదే బతుకుతున్నాయి. లేబుల్ మీద 12 వోల్టులు రెండు గడుల్లో విడివిడిగా ఉంటే ఆ యాంపియర్లను కూడకండి. రెండూ కలిపి ఎన్ని వాట్లని విడిగా రాసి ఉంటుంది, అదే తీసుకోండి.

ఇప్పుడు మీ సిస్టమ్ ఎంత అడుగుతుందో చూద్దాం. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్ రేటింగు 84 వాట్లు. బోర్డు మీద పోయే నష్టం కలుపుకుంటే 12 వోల్టుల మీద సుమారు 8 యాంపియర్లు. పాతరకం 3.5 అంగుళాల హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టే కొద్ది సెకన్లు 2 యాంపియర్ల దాకా లాగుతుంది. ఫ్యాన్లకు అర యాంపియరు వేసుకోండి. మొత్తం మీద పదకొండుకు లోపే. పైగా ఆఫీసు పనిలో ప్రాసెసర్ పూర్తి లోడుకు చేరేది చాలా తక్కువ. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌కు నిజాయతీగా 16 యాంపియర్లు ఇవ్వగల ఎస్‌ఎంపీఎస్ చాలు. అలాంటి దానికి 650 వాట్లది అమ్మజూపితే మర్యాదగా వద్దనండి.

కార్డు వేస్తే లెక్క తిరగబడుతుంది. జీటీఎక్స్ 1650 వంటి 75 వాట్ల కార్డు స్లాటు నుంచే తీసుకుంటుంది, అదనంగా ఐదారు యాంపియర్లు. ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170 వాట్లు, అంటే ఒక్క కార్డుకే 14 యాంపియర్లు. దానికి 550 వాట్ల సప్లై ఉండాలని తయారీదారే చెబుతాడు. పెద్ద కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే ఆరు పిన్నుల కనెక్టరు 75 వాట్లకు, ఎనిమిది పిన్నులది 150 వాట్లకు. మీ ఎస్‌ఎంపీఎస్‌కు ఆ కనెక్టరు అసలు లేదంటే ఆ బరువు కోసం దాన్ని తయారుచేయలేదన్నమాట. మోలెక్స్ (పాతరకం నాలుగు పిన్నుల కనెక్టరు) నుంచి మార్చే అడాప్టరుతో సర్దుకోవద్దు. మోలెక్స్ నుంచి డిస్కులకు పెట్టే సాటాకు మార్చే అడాప్టర్లలో ప్లాస్టిక్‌లో పోతపోసిన రకం మరీ ప్రమాదం. లోపల వైర్లు దగ్గరై షార్టయి, కాలి మంటలు లేచిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇక వేడి. విజయవాడ వాళ్లు, గుంటూరు వాళ్లు అందరికంటే ఎక్కువ పట్టించుకోవలసింది దీన్నే. ఎస్‌ఎంపీఎస్‌లో ముందుగా ముసలిదయ్యేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్, కరెంటును కాసేపు నిల్వచేసి సమంగా అందించే చిన్న డబ్బీ. లోపలి ద్రవం మెల్లగా ఆరిపోతుంది. దాని ఒంటి మీద 85 డిగ్రీలనో 105 డిగ్రీలనో రాసి ఉంటుంది, ఆ వేడిలో ఇన్ని గంటలని తయారీదారు లెక్క ఇస్తాడు. మామూలు రకానికి అది 2000 గంటలు. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర పనిచేస్తోందనుకోండి. 105 డిగ్రీల రకం పదహారు రెట్లు, అంటే 32,000 గంటలు వస్తుంది. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపే షాపులో అది పదమూడేళ్లు. అదే చోట 85 డిగ్రీల రకం ఉంటే నాలుగు రెట్లే, 8,000 గంటలు, మూడేళ్లు దాటగానే దాని పని అయిపోతుంది. ఒకేరోజు కొన్న రెండు సిస్టమ్‌లలో ఒకటి నిక్షేపంగా ఉండి ఇంకొకటి కూలబడటానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

గది వేడి అంతకంత లోపలి వేడికి కలుస్తుంది. ఏసీ గదిలో 27 డిగ్రీల దగ్గర నడిచేదానికీ, మే నెల మధ్యాహ్నం వన్‌టౌన్‌లో షట్టరు వెనక 40 డిగ్రీల దగ్గర నడిచేదానికీ తేడా 13 డిగ్రీలు. ఆ గంటల్లో కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపుకు పైగా వేగంగా కరిగిపోతుంది. కాబట్టి ఎండలో నడిచే సిస్టమ్‌కు ఐదేళ్లంటే ఏసీలో పదేళ్ల కింద లెక్క వేయడం తప్పు కాదు. గోడ స్విచ్ ఆపకుండా వదిలేస్తే ఇంకో సంగతి: సిస్టమ్ ఆపినా బటన్ కోసం మేలుకుని ఉండే స్టాండ్‌బై 5 వోల్టుల సర్క్యూటు రోజుకు 24 గంటలూ పనిచేస్తూనే ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. కంప్యూటర్ వాడకపోయినా ఆ చిన్న కెపాసిటర్ అరుగుతూనే ఉంటుంది. రాత్రి వెళ్లేటప్పుడు గోడ స్విచ్ కట్టేయడం వల్ల వచ్చే నిజమైన లాభం ఇది, కరెంటు బిల్లులో మిగిలేది నామమాత్రమే.

దుమ్ము కూడా ఊరిని బట్టి ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమిషన్ షాపుల్లో సన్నటి కారం పొడి, జిన్నింగు మిల్లుల దగ్గర దూది పీచు. దూది పీచు ఫ్యాను జాలీకి చాపలా అల్లుకుని గాలిని పూర్తిగా ఆపేస్తుంది. బయటికి తీసుకెళ్లి, మాస్కు వేసుకుని బ్లోయరుతో ఊదండి. యార్డు దగ్గరి సిస్టమ్ అయితే కళ్లద్దాలు కూడా పెట్టుకోండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో ఆపి పట్టుకోవాలి, లేకపోతే వేగంగా తిరిగి బేరింగు పోతుంది. వెనక ఖాళీ స్లాట్ల రేకులు పోయి ఉంటే మూయండి. వెచ్చదనానికి బల్లి లోపలికి దూరి సర్క్యూటు మీద పడితే ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్ అయినా ఒక్క చప్పుడుతో పోతుంది.

లక్షణాల్లో కొన్ని మాత్రమే ఎస్‌ఎంపీఎస్‌ను సూటిగా చూపిస్తాయి. పొద్దున మొదటిసారి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు, గోడ స్విచ్ వేసి పది నిమిషాలు వదిలేస్తే ఆన్ అవుతుంది, ఆ తర్వాత రోజంతా బాగానే ఉంటుంది. చిన్న కెపాసిటర్ ఎండిపోయిందనడానికి ఇది మంచి గుర్తు. వేడెక్కాక కొంచెం పనిచేస్తుంది. చేపల కంపు వంటి వాసన వస్తే కెపాసిటర్ కారుతోంది. జాలీలోంచి టార్చి వేసి చూస్తే కెపాసిటర్ల నెత్తి ఉబ్బినట్టు, గోధుమరంగు చార కారినట్టు కనిపించవచ్చు. వీటిలో ఏది కనిపించినా ఇక పరీక్షలు అక్కర్లేదు, మార్చేయండి. సన్నటి కీచుమనే శబ్దం మాత్రం కాయిల్‌ది. చెవికి చిరాకే తప్ప హాని లేదు.

మిగతా లక్షణాలకు అనుమానితులు ఎక్కువ. పని మధ్యలో ఠక్కున ఆగిపోతే ప్రాసెసర్ పేస్టు ఎండి వేడెక్కి ఉండొచ్చు, ర్యామ్ కాళ్లకు మురికి పట్టి ఉండొచ్చు, బోర్డు మీది కెపాసిటర్లే పోయి ఉండొచ్చు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 కనిపించగానే ఎస్‌ఎంపీఎస్ అని తేల్చేవాళ్లున్నారు. పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాకుండానే సిస్టమ్ ఆగిందని మాత్రమే అది చెబుతుంది. ఎందుకు ఆగిందో చెప్పదు. అనుమానం తీరాలంటే తెలిసినవాళ్ల దగ్గర బాగున్న ఎస్‌ఎంపీఎస్ ఒకటి తెచ్చి రెండు రోజులు పెట్టి చూడటమే అసలైన పరీక్ష. విజయవాడ గవర్నర్‌పేటలో అయినా గుంటూరు బ్రాడీపేటలో అయినా మీకు అలవాటైన షాపువాళ్లను ఇదే అడగండి.

మీటరు పరీక్ష ఇలా చేయాలి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీలో పెట్టండి. వాడకుండా వేలాడుతున్న మోలెక్స్ కనెక్టరులో నల్లవైరుకు నల్ల ప్రోబు, పసుపు వైరుకు ఎర్ర ప్రోబు. అది 12 వోల్టులు. ఎర్ర వైరు 5 వోల్టులు. ప్రోబు జారి పసుపూ ఎర్రా రెండింటినీ తాకకుండా చూసుకోండి. 3.3 వోల్టులకు 24 పిన్నుల కనెక్టరు వెనక వైపు నుంచి నారింజ వైరు దగ్గర ప్రోబు దూర్చాలి. ముందు ఖాళీగా ఉన్నప్పుడు రీడింగు రాసుకోండి. తర్వాత ఫైళ్లను కుదించే సెవెన్-జిప్ ప్రోగ్రామ్‌లో ఉన్న బెంచ్‌మార్క్ పెట్టి ప్రాసెసర్‌ను పదిహేను నిమిషాలు పూర్తి లోడులో ఉంచి మళ్లీ రాసుకోండి. కార్డు ఉంటే గేమో, కార్డును పరీక్షించే ప్రోగ్రామో కలిపి నడపండి. ఈ పని మధ్యాహ్నం రెండింటికి, గది కాగి ఉన్నప్పుడు చేస్తేనే విలువ. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బలహీనమైనదీ బాగానే కనిపిస్తుంది.

ఏటీఎక్స్ ప్రమాణం ఐదు శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. 12 వోల్టులు 11.40 నుంచి 12.60 దాకా, 5 వోల్టులు 4.75 నుంచి 5.25 దాకా, 3.3 వోల్టులు 3.14 నుంచి 3.47 దాకా. నా మట్టుకు లోడులో 11.6 కిందికి దిగితే చాలు, దాన్ని మార్చే జాబితాలో వేస్తాను, ఎండాకాలానికి ఇంకా దిగుతుంది కాబట్టి. ఇంకో ఆనవాలుంది: లోడు పడగానే 12 వోల్టులు దిగుతూ 5 వోల్టులు పైకెక్కితే, ఉదాహరణకు 11.5, 5.2 అని చూపిస్తే, అది రెండు లైన్లనూ కలిపి ఒకే కట్టుతో నియంత్రించే పాత డిజైను. 12 వోల్టులు తగ్గిందని సర్క్యూటు రెండింటినీ కలిపి పెంచుతుంది, లోడు లేని 5 వోల్టులు ఎగబాకుతుంది. ఆ 5 వోల్టుల మీదే హార్డ్ డిస్కు సర్క్యూటు, ఎస్‌ఎస్‌డీ, యూఎస్‌బీ పరికరాలు ఉంటాయి. ఈ డిజైను మీద పెద్ద కార్డు వేయడం అంటే డేటాతో పందెం కాయడమే.

అన్నిటికంటే ముఖ్యమైన రీడింగు ఊదారంగు వైరుది, 24 పిన్నుల్లో తొమ్మిదోది. ఇందాకటి స్టాండ్‌బై 5 వోల్టులు వచ్చేది దీని మీదే. సిస్టమ్ ఆపి, గోడ స్విచ్ వేసి ఉంచి చూడండి. 5.25 దాటి ఉంటే ఆ ఎస్‌ఎంపీఎస్‌ను ఆ క్షణమే పక్కన పెట్టండి. చౌకరకం పాత డిజైన్లలో ఇక్కడి చిన్న కెపాసిటర్ పోయినప్పుడు వోల్టేజీ పెరుగుతుంది, సిస్టమ్ ఆఫ్‌లో ఉండగానే బోర్డును చంపేస్తుంది. పచ్చవైరునూ నల్లవైరునూ పేపర్ క్లిప్‌తో కలిపి ఫ్యాను తిరగడం చూసి "బాగానే ఉంది" అనడం సరిపోదు. ఎస్‌ఎంపీఎస్ లేస్తుందని తెలుస్తుందంతే, బరువు మోస్తుందని తెలియదు. అలల పరీక్ష, అంటే రిపుల్ (డీసీలో మిగిలిపోయే సన్నటి ఎగుడుదిగుడు), మల్టీమీటరుకు అందదు. 12 వోల్టుల మీద 120 మిల్లీవోల్టులు, 5 వోల్టుల మీద 50 దాటకూడదు, దానికి ఆసిలోస్కోపు కావాలి.

కరెంటు పోయినప్పుడల్లా, యూపీఎస్ ఉన్నా, సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందా? తప్పు యూపీఎస్‌దో ఎస్‌ఎంపీఎస్‌దో తేల్చడం తేలిక. సిస్టమ్ తీసేసి, 100 వాట్ల ఫిలమెంటు బల్బు యూపీఎస్‌కు తగిలించి గోడ స్విచ్ కట్టేయండి. ఎల్‌ఈడీ బల్బు వద్దు, తేడాను దాచేస్తుంది. బల్బు రెప్పపాటు మాత్రం మినుకుమని వెలుగుతూనే ఉంటే యూపీఎస్ బాగుంది. అలాంటి యూపీఎస్ మీద కూడా సిస్టమ్ పడిపోతే ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్ సత్తువ పోయి ఉండొచ్చు. కరెంటు ఆగాక కనీసం 16 మిల్లీసెకన్లు నిలబెట్టాల్సింది అదే, మామూలు యూపీఎస్ 10 మిల్లీసెకన్ల లోపే బ్యాటరీ మీదికి మారిపోతుంది. ఇంటి ఇన్వర్టరు మీద నడిపేవాళ్లు దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. మామూలు మోడ్‌లో మారడానికి ఎక్కువసేపు పడుతుంది, కొత్త ఎస్‌ఎంపీఎస్ కూడా నిలబడకపోవచ్చు.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని ఎస్‌ఎంపీఎస్ మార్చించేవాళ్లు చాలామంది. అది ఎర్తింగ్ సమస్య. ఎస్‌ఎంపీఎస్ ముందు భాగంలో ఫేజ్ నుంచి బాడీకి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న ఫిల్టరు కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేకపోతే బాడీ మీద సుమారు 115 వోల్టులు తేలుతుంది. ఆ కరెంటు చాలా తక్కువే అయినా జిల్లుమనిపిస్తుంది. కొత్తది వేసినా అదే జిల్లు. ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ దగ్గర ఏసీలో కొలిపించండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వస్తే ఫేజ్‌కూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే రావాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మూడు నాలుగు వోల్టులు మించకూడదు. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి సిస్టమ్ నడుపుతుంటే ముందు దాన్ని తీసేయండి.

కరెంటు ఆదా కోసం మార్చడం గురించి కూడా అడుగుతుంటారు. లోపల 100 వాట్లు కావాలంటే 70 శాతం సామర్థ్యం ఉన్న పాతది గోడ నుంచి 143 వాట్లు లాగుతుంది, 85 శాతం ఉన్నది 118. తేడా 25 వాట్లు. ఏడాదికి 2,400 గంటలకు 60 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే 360 రూపాయలు. మూడు నాలుగు వేలు పెట్టి మార్చడానికి ఇది కారణం కాదు, మారిస్తే వచ్చే కొసరు.

పాత డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు సిస్టమ్‌లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఆగి ఆలోచించాలి. వాటిలో వచ్చే ఎస్‌ఎంపీఎస్ చాలావరకు నాణ్యమైనదే, వాట్లు తక్కువైనా రాసినంత ఇస్తుంది. కానీ కనెక్టర్లు వేరు. ఆప్టిప్లెక్స్ 3020, 7020, 9020 బోర్డులకు 24 పిన్నులు కాదు, ఎనిమిది పిన్నులు. బయట దొరికే ఏటీఎక్స్‌ను నేరుగా తగిలించలేరు, అడాప్టరు కేబుల్ కావాలి. చిన్న సైజు క్యాబినెట్ అయితే సైజే పట్టదు. వీటికి అదే మోడల్ ఎస్‌ఎంపీఎస్ వెతకడం మేలు.

డీడీఆర్2 ర్యామ్ కాలపు సిస్టమ్‌కు కొత్త ఎస్‌ఎంపీఎస్ వేయడం దండగ అనేవాళ్లున్నారు. తరవాతి సిస్టమ్‌కు దాన్నే వాడుకునే ఉద్దేశం ఉంటే దండగ కాదు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిసి మారతాయి, మంచి ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్తుంది. అలా వెళ్లే ఆలోచన లేకపోతే ఆ డబ్బు దాచుకోండి.

కొనేటప్పుడు బ్రాండు పేరుతో సరిపెట్టకుండా మోడల్ చూడండి. ఒకే కంపెనీలో అడుగు సిరీసూ పై సిరీసూ వేరు వేరు సరుకు. 450 వాట్ల దాని మీద 12 వోల్టులకు 36 యాంపియర్ల దగ్గర, 550 దాని మీద 45 దగ్గర ఉండాలి. 80 ప్లస్ బ్రాంజ్ (సామర్థ్యానికి ఇచ్చే గుర్తు), 105 డిగ్రీల కెపాసిటర్లు, ఐదేళ్ల వారంటీ అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. ఐదారు వందల రూపాయలకు వచ్చేదాన్ని పాతదాని స్థానంలో వేస్తే మారిందేమీ ఉండదు. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ కరెంటును సమంగా తీసుకునేలా చేసే సర్క్యూటు) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు చౌక యూపీఎస్ ఇచ్చే మెట్లమెట్ల వేవ్ మీద ఆగిపోతాయి. అందుకే తెచ్చినరోజే మీ యూపీఎస్ మీద కరెంటు తీసి చూసి, ఆగిపోతే మార్పిడి గురించి మాట్లాడుకోండి. ఎస్‌ఎంపీఎస్ అడుగున కూర్చునే క్యాబినెట్ అయితే ప్రాసెసర్ కేబుల్ 60 సెంటీమీటర్ల దగ్గర లేనిదే బోర్డు వెనకనుంచి తిప్పి పైకి అందదు.

బిగించడం అరగంట పని. ఫోన్‌తో కనెక్షన్లన్నీ ఫోటో తీసుకోండి. గోడ ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. వెనక నాలుగు స్క్రూలు. పాతది మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడొచ్చే రకం) అయితే దాని కేబుళ్లను కొత్తదానికి వాడొద్దు. కనెక్టరు పట్టినా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకు ప్రమాణం లేదు, 5 వోల్టులు అందాల్సిన చోట 12 వోల్టులు వెళ్లి డిస్కులన్నీ ఒకేసారి పోతాయి. ఎక్కడైనా ఎర్రటి 115/230 స్విచ్ ఉన్న పాత ఎస్‌ఎంపీఎస్ వేస్తుంటే అది 230 వైపు ఉందో లేదో చూడకుండా ప్లగ్గు పెట్టకండి.

పాతదాన్ని విప్పి కెపాసిటర్లు మార్చుకుందామనుకునేవాళ్లకు ఒక్క మాట: పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల డీసీ, కొన్నిటిలో ఇంకా ఎక్కువే ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా నిలిచి ఉండొచ్చు. 4.7 కిలో ఓముల 10 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో పదిహేను సెకన్లు తగిలించి, మీటరుతో సున్నా దగ్గరికి వచ్చిందని చూశాకే చేయి పెట్టాలి. సోల్డరింగు చేయి తిరగనివాళ్లు మూత తీయొద్దు. రీడింగులు బాగున్నా లోడు సరిపోక తీసేసిన ఎస్‌ఎంపీఎస్‌ను పారేయకండి. తేదీ, లోడులో వచ్చిన మూడు వోల్టేజీలు ఒక కాగితం మీద రాసి దానికి అంటించి అటక మీద పెట్టండి. ఇంకో సిస్టమ్ మొరాయించినప్పుడు పరీక్షకు పనికొస్తుంది. ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నదాన్ని మాత్రం పాత ఇనుము వాళ్లకు వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.